వాడిన పువ్వును కోయుడి

ధ్యాన భాగములు: యోహాను 15:1-8, ఫిలిప్పీ 3:4-14



మన గొల్లపల్లి, జగిత్యాల ప్రాంతములలో వానలు వెనుకబట్టి వేకువ చలి మొదలగు అక్టోబరు మాసము గులాబీ చెట్టునకు కత్తెర పడు కాలము. కత్తిరించిన ఆరేడు వారములకు చెట్టు పూతకు వచ్చును. నవంబరు మొదటి వారమున కత్తిరించిన కొమ్మ క్రిస్మసు నాటికి పువ్వునిచ్చును.

ఎర్రని రంగు, మంచి సువాసన, మరల మరల పూయు గుణము, ఈ మూడును ఒక్క చెట్టున కూడుట సులభముగా జరుగలేదు. ఐరోపా ఖండపు పాత గులాబీలలో అనేకములు ఏడాదికి ఒక్కసారియే పూసెడివి. పద్దెనిమిదవ శతాబ్దపు చివరి దినములలో చైనా గులాబీలు అచటికి చేరి, వాటితో కలిసిన పిమ్మట ఆ గుణము వ్యాపించెను. 1935లో జర్మనీ దేశస్థుడైన కోర్డెస్ 'క్రిమ్సన్ గ్లోరీ'ని, 1964లో అమెరికాలో స్విమ్, వీక్స్ అనువారు 'మిస్టర్ లింకన్'ను లోకమునకిచ్చిరి. రెండును ముదురెరుపు, రెండును గాఢమైన పరిమళము గలవి.

అయితే ఇట్టి మేలుజాతి చెట్టయినను తోటమాలి చేయి లేనిదే నిండుగా మరల పూయదు. వాడిన పువ్వును కొమ్మననే విడిచినచో, దాని అడుగుభాగము ఉబ్బి కాయగా మారి, గింజ కట్టును. చెట్టు బలమంతయు ఆ కాయకే పోయి, క్రొత్త మొగ్గలు తగ్గిపోవును. కావున మాలి ఐదు చిన్నాకులుగల రెమ్మకు కొంచెము పైగా, బయటివైపు చూచు కన్ను దగ్గర కోయును. ఆ కన్నే క్రొత్త కొమ్మయగును.

ఇచ్చట ఒక సంగతి గమనింతము. మాలి కోసినది ముల్లు కాదు, పురుగుపట్టిన ఆకు కాదు. నిన్నటి వరకు ఇంటికంతటికి సంతోషమిచ్చిన పువ్వు! పాపమును విడువవలెనని మనము తరచుగా విందుము. మంచిదానిని విడుచుట అంతకంటె కష్టము. పౌలు తనకు లాభకరములైన వాటినే క్రీస్తు నిమిత్తము నష్టముగా ఎంచుకొనెను గదా.

మన సంఘములలో చూడుడి. ఎన్నడో పొందిన ఆశీర్వాదమునే నేటికిని సాక్ష్యముగా చెప్పుచున్నాము. ఈ వారము ప్రభువు చేసిన మేలు మన నోట రాదు. ఇరువది ఏండ్లు సండే స్కూలును నమ్మకముగా నడిపినవారము, దానిని యౌవనుల చేతికిచ్చుటకు జంకుదుము. ఆ సేవ మంచిదే. ప్రభువే దానిని పూయించెను. అయినను దానిని పట్టుకొనియే యున్నచో, ప్రక్కనున్న కన్ను తెరచుకొనునా?

ఆప్తులను పోగొట్టుకొన్నవారు తమ ప్రియులను మరచిపోవలెనని మేము చెప్పుట లేదు. కోసిన పువ్వు రేకులు వేదగ్రంథపు పుటలలో దాచుకొనవచ్చును. కృతజ్ఞత వేరు, అంటిపెట్టుకొనుట వేరు. మాలియు చెట్టును మొదలంట నరకడు. పచ్చని ఆకును విడిచియే కోయును. సేవ నప్పగించిన పెద్దలును ఆ ఆకువలె దగ్గరనుండి, ప్రార్థనతో, ఆలోచనతో లేత కొమ్మను పోషింపవలెను.

ఈ మాసమందు మనలో ప్రతివారము వాడిన పువ్వు ఒక్కటైనను ప్రభువు చేతికి అప్పగింతము.

ప్రార్థన: తోటమాలివైన తండ్రీ, నీవిచ్చిన పాత పూలకై స్తోత్రములు. నీ కత్తెరకు మేము వెనుదీయక, క్రొత్తగా పూయునట్లు కృప దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.