నూనె, ద్రాక్షారసము ముందే వెంట ఉండాలి



కొంతకాలము క్రిందట మా సంఘములో ఆదివారపు ఆరాధన ముగిసి, అందరమూ ఆవరణలో టీ త్రాగుతుండగా ఒక పెద్దాయన నిలుచున్నచోటనే కూలిపోయారు. చుట్టూ మూగాము. ఒకరు పాటల పుస్తకముతో విసిరారు, ఒకరు నోట్లో నీళ్ళు పోశారు (స్పృహలేని మనిషికి అది చేయకూడని పని అని తరువాత తెలిసింది), మిగిలినవారము ప్రార్థించాము. అంబులెన్సు వచ్చేసరికి ఆయన ప్రభువునందు నిద్రించారు. భూస్థాపన నాడు అందరమూ దేవుని చిత్తమనే అనుకున్నాము. ఆ మాట నిజమే. అయితే ఆయన పడిపోయిన తరువాత మన చేతులు ఏమి చేశాయన్న ప్రశ్నను ఆ మాట క్రింద దాచిపెట్టామేమో అన్న బాధ మమ్మును విడువలేదు.

తెలియక చేయలేకపోయినది తప్పవుతుందా? మన తాతల విషయములో కాదు. గుండె ఆగిన మనిషికి రొమ్ముపై చేతులతో నొక్కి రక్తమును నడిపించవచ్చునని అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు ప్రకటించినది 1960లోనే. అదే సంవత్సరము నార్వే దేశములో బొమ్మలు తయారుచేసే లేర్డాల్ అనే ఆయన, జనులు అభ్యాసము చేయుటకు మనిషంత బొమ్మను తయారుచేశారు. అంతకుముందు వారికి ఈ విద్య లేదు. మనకు ఉన్నది, ఒక పూటలో నేర్చుకోవచ్చును. నేర్చుకోగలిగియుండి నేర్చుకొనకపోతే మన అజ్ఞానము వారి అజ్ఞానము వంటిది కాదు.

మంచి సమరయుని ఉపమానము బోధించునప్పుడు యాజకుడు, లేవీయుడు ప్రక్కగా పోయారనియే మనము చెప్పుకుంటాము. సమరయునికి జాలి కలిగింది, సరే. కాని గాయములపై పోయుటకు నూనె, ద్రాక్షారసము ఆయన వెంట ముందే ఉన్నవి. జాలి ఉండి ఏమీ లేనివాడు వచ్చి ఉంటే? ఆ ఆదివారము మేము సరిగ్గా అటువంటివారమే.

ఆయుష్షు తీరితే నొక్కినంత మాత్రాన నిలుస్తుందా అని మా పెద్దలలో ఒకరు అడిగారు. దాచకుండా చెప్పాలి. ఆసుపత్రి బయట గుండె ఆగినవారిలో, నొక్కినప్పటికీ ఎక్కువమంది బ్రతకరు. నొక్కకపోతే మాత్రము కొద్ది నిమిషములలోనే మెదడు చెడుట ఆరంభమవుతుంది. ఫలితము తెలిస్తేనే చేయి చాపుతామంటే సమరయుడు కూడా ఆగిపోవలసినదే. ఆ గాయపడినవాడు బ్రతికెనా లేదా అన్నది ఉపమానములో లేనే లేదు. ఇక ప్రార్థన సంగతి. పెదవులు ప్రార్థిస్తుండగా చేతులు నొక్కుటకు అడ్డేమున్నది?

శిక్షణ తీసుకొందామని నిర్ణయమైన తరువాత మరొక చిక్కు వచ్చింది. ఇద్దరు యౌవనస్థులను మంచి ఫీజు గల కోర్సుకు పంపి, వారి సర్టిఫికెట్లు సంఘ కార్యాలయములో పెడదామని ఒక ఆలోచన. బొమ్మలను ఇక్కడికే తెప్పించి అందరమూ ఒక పూట నేర్చుకొందామని రెండవది. మొదటిది చూపునకు బాగున్నది. కాని గుండె ఆగుట ఎక్కువగా జరిగేది ఇళ్ళలోనే. రాత్రి రెండు గంటలకు భర్త పడిపోతే ప్రక్కన ఉండేది భార్య, కోడలు, మనుమరాలు. ఆ ఇద్దరు అబ్బాయిలు ఎక్కడో నిద్రపోతుంటారు. అర్ధరాత్రి నూనె అరువు అడిగిన కన్యకలకు ఏమైనదో మనకు తెలుసు.

కనుక రెండవదానివైపే మా మొగ్గు. కోర్సు చెప్పేవారిని అడుగవలసినది ముఖ్యముగా ఒక్కటి: ప్రతి ఒక్కరూ బొమ్మపై రెండు నిమిషములు తమ చేతులతో నొక్కుతారా, లేక తెరమీద చూచి ఇంటికి పోతారా? పెద్దవారికి నిమిషమునకు 100 నుండి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండ, 6కు మించకుండ రొమ్ము మధ్యను నొక్కాలి. వినుటకు సులువు. రెండు నిమిషములకే చేతులు లాగుతాయి, అందుకే మనిషి మారాలి. ఇది శరీరము నేర్చుకోవలసిన పాఠము.

నర్సులుగా పనిచేసే మన ఆడపిల్లలకు ఉద్యోగము కొరకు కావలసిన కోర్సు వేరు, సామాన్యులకు కావలసినది వేరు. సామాన్యుల కొరకు మన దేశపు మత్తువైద్యులు 2017లో ప్రకటించిన పద్ధతిలో ఊపిరి ఊదే పని లేదు, నొక్కుట మాత్రమే. నోటితో ఊదుటకు సంకోచించేవారికి ఇది మేలు. అయితే యానాములో గోదావరి ఒడ్డున ఉన్న కుటుంబములకు ఇది చాలదు. నీట మునిగినవారికి, చిన్నపిల్లలకు ఊపిరి కూడా ఇవ్వాలి. అక్కడివారు 30 సార్లు నొక్కి రెండుసార్లు ఊదే పద్ధతి నేర్పే కోర్సునే కోరాలి.

భాష సంగతి చిన్నది కాదు. చెన్నైలో తమిళములో, షోలాపూరులో మరాఠీలో చెప్పితే మన పిల్లలకు చక్కగా అర్థమవుతుంది. వారి నాయనమ్మలు మాత్రము కంగారులో ఒకటి, రెండు, మూడు అనియే లెక్కపెడతారు. తెలుగు తెలిసినవారొకరు ప్రక్కన నిలిచి చెప్పాలి.

చీర కట్టుకొని మోకాళ్ళమీద కూర్చుండి నొక్కగలమా, మోకాళ్ళ నొప్పులవారి మాటేమి అని స్త్రీల సమాజమువారు అడుగుతున్నారు. చాపలు వేయిద్దాము, కొంగు బిగిస్తే చాలును. క్రింద కూర్చోలేనివారు 108కి ఫోను చేయుట, గట్టిగా లెక్కపెట్టుట నేర్చుకొంటారు. ఆ పెద్దాయన భార్యగారు తన పేరు ఇదివరకే వ్రాయించుకున్నారు.