సరిహద్దు యొద్ద దంపతులు



ఆదికాండము 12వ అధ్యాయములో ఒక సరిహద్దు కథ యున్నది. కనాను దేశమందు కరవు కలుగగా అబ్రాము భార్యను వెంటబెట్టుకొని ఐగుప్తునకు బయలుదేరెను. ఆ దేశములో ప్రవేశింపబోవుచు ప్రాణభయముచేత, తన్ను భర్త యని చెప్పక అన్న యని చెప్పవలెనని శారయితో మాట చేసికొనెను. విశ్వాసులకు తండ్రియైన ఆయనను మన మెంత గౌరవించినను, ఆ దినమున ఆయన ఆడినది అబద్ధమే. పొట్టకూటికై పరదేశమునకు పోవుచు సరిహద్దు యొద్ద బొంకిన మనుష్యు డాయన. తరువాతి సంగతి మీకు తెలియును. శారయి ఫరో యింటికి తేబడెను. ఆ యింటిమీదికి తెగుళ్లు వచ్చెను. నిజము బయలుపడినప్పుడు ఫరో అబ్రామును పిలిపించి, తన్నేల మోసగించితివని నిలదీసెను. ఆ దేశములోనుండి పంపివేసెను కూడ. అయితే ఎట్లు పంపెను? భార్యతో పంపెను.

ఆ రాజు చేసిన పనిని మనము సామాన్యముగా గమనింపక దాటిపోవుదుము. ఫరో తన రాజ్యపు హక్కును విడిచిపెట్టలేదు. తప్పును తప్పనెను. తన దేశములో ఎవ రుండవలెనో ఎవ రుండకూడదో తానే నిర్ణయించెను. కాని మగని తప్పునకు శిక్షగా ఆలుమగలను విడదీయుటకు అతడు వణకెను. ధర్మశాస్త్ర మింకను ఇయ్యబడని కాలమది. అట్టి కాలమున ఒక అన్య రాజు ఈ భేద మెరిగియుండెను.

ఈ భేదము నేటి దొరతనములు ఎరుగునా అనునదే నా ప్రశ్న. దృష్టాంతముగా అమెరికా సంయుక్త రాష్ట్రముల వలస చట్టమును తీసికొందము. అచ్చట ఈ సంగతి యెన్నో ఏండ్లుగా వాదములో నున్నది. మన జిల్లాల బిడ్డలనేకు లిప్పుడు ఆ దేశములో కాపురముండుటచేత అది మనకు వేరువారి మాట కాదు.

1965లో ఆ దేశపు వలస చట్టము సవరింపబడినప్పుడు కుటుంబమునకు ముఖ్యస్థాన మియ్యబడెను. ఆ దేశపు పౌరుని భార్యకు గాని పౌరురాలి భర్తకు గాని ఏటికింతమందియే అను సంఖ్యా నియమము లేదు. ఇది మంచి చట్టమే. కాని 1996 సెప్టెంబరు 30న అధ్యక్షుడు క్లింటన్ సంతకము చేసిన మరియొక చట్టము దీనికి అడ్డముగా నిలిచెను. అనుమతి లేక సరిహద్దు దాటివచ్చినవాడు తరువాత అచ్చటి పౌరురాలిని వివాహమాడినను, చాలవరకు ఆ దేశములో ఉండి తన కాగితములు సరిచేసికొన వీలులేదు. స్వదేశమునకు పోయి, అచ్చటి అమెరికా కాన్సలేటులో వీసా అడుగవలెను. అతడట్లు బయటికి అడుగుపెట్టగానే 1996 నాటి నిబంధన వానిమీద పడును. అనుమతి లేక 180 దినములకు మించి, సంవత్సరమునకు తక్కువగా నుండినయెడల 3 సంవత్సరములు, సంవత్సరము గాని అంతకంటె ఎక్కువ గాని ఉండినయెడల 10 సంవత్సరములు తిరిగి రాకూడదు.

దీని పోకడను నిదానముగా చూడుడి. దాగియున్నవాడు, భయముతోనైనను, ఆలుబిడ్డలతో ఒక కప్పు క్రింద నుండును. నా దోషమును ఒప్పుకొని సరిచేసికొందునని వెలుగులోనికి వచ్చినవానికే పదియేండ్ల యెడబాటు. మనము మన సంఘములలో పాపపు ఒప్పుకోలును గూర్చి ఎంత బోధింతుము! ఒప్పుకొన వచ్చినవాని మెడమీదనే కత్తి పడునట్లు చేసిన కట్టడ మనుష్యులకు ఏమి నేర్పును? దాగియుండుమని నేర్పును.

ఆ చట్టములో మినహాయింపు లేకపోలేదు. పౌరురాలైన భార్యకు అత్యంతమైన కష్టము కలుగునని రుజువు చేసినయెడల ఈ నిషేధమును మాన్పవచ్చును. 2013నుండి అట్టి మనవిని దేశము విడువకముందే చేసికొనుటకు వీలు కలిగెను, అది మేలే. అయితే ఆ కష్టము లెక్కింపబడు విధము వినుడి. మగడు లేని దుఃఖము, ఒంటరితనము, ఇంటి రాబడి తగ్గుట—ఇవన్నియు ఎడబాటువలన అందరికి సహజముగా కలుగునవే గనుక ఇవి మాత్రమే చాలవట! అంతకు మించిన కష్టమును చూపవలెను. ఇక ఆ దంపతుల బిడ్డల కష్టము నేరుగా లెక్కకే రాదు; అది తల్లి కష్టమును పెంచినంతమట్టుకే చూడబడును. ఏకశరీరముగా చేయబడినవారిని రెండుగా చీల్చినప్పుడు కలుగు నొప్పిని సామాన్యమైన నొప్పి యని పేరుపెట్టుటకు ఎంత కఠినమైన హృదయము కావలెను!

ఇది కేవలము కాగితముమీది మాట కాదు. ఆ దేశపు పౌరురాలొకతె 2010లో ఎల్ సాల్వడోరు దేశస్థుని వివాహమాడెను. వారు చట్టము చెప్పిన దారినే నడిచిరి. భార్య పెట్టిన అర్జీ అంగీకరింపబడెను; నిషేధమునకు మినహాయింపు కూడ దొరకెను. అంతట భర్త 2015లో వీసా కొరకు స్వదేశమునకు వెళ్లెను. కాన్సలేటువారు నిరాకరించిరి. ఏల యని అడిగినప్పుడు వివరము చెప్పలేదు. తరువాత కొన్నియేండ్లకు, వ్యాజ్యము నడచునప్పుడు, అతడొక దుండగుల ముఠావాడని అనుమానించినట్లును, ఆ యనుమానమునకు అతని ఒంటిమీది పచ్చబొట్లు ఒక కారణమైనట్లును తెలిసెను. అతడు కాదనెను. ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టువరకు పోయెను. 2024 జూన్ 21న, తొమ్మిదిమంది న్యాయాధిపతులలో ఐదుగురు ఏకమై, పరదేశియైన భర్త దేశములోనికి రానియ్యబడవలెనను హక్కు పౌరురాలికి రాజ్యాంగమువలన లేదని తీర్పు చెప్పిరి. ముగ్గురు దానితో ఏకీభవింపలేదు.

వివాహ మాడుటకు హక్కు కలదు. వివాహమాడినవానితో తన దేశములో కాపురము చేయుటకు హక్కు లేదు. తాళము చెవి యిచ్చి తలుపు తీసివేసినట్లున్నది.

ఆ నెలలోనే, జూన్ 18న, అధ్యక్షుడు బైడెన్ ప్రభుత్వమువారు ఒక యేర్పాటు ప్రకటించిరి. పది సంవత్సరములు ఆ దేశములో నివసించి పౌరులను వివాహమాడినవారు బయటికి పోనక్కర లేకుండ అర్జీ పెట్టుకొనవచ్చును. సుమారు 5 లక్షల మంది భార్యాభర్తలకు మేలగునని ప్రభుత్వపు అంచనా. ఆగస్టు 19న అర్జీలు తీసికొన నారంభించిరి. వారము దినములకే న్యాయస్థానము దానిని నిలుపుచేసెను. నవంబరు 7న టెక్సాసులోని ఫెడరల్ న్యాయస్థానము పూర్తిగా కొట్టివేసెను. చట్టము మార్చకుండ ప్రభుత్వ మిట్టి యేర్పాటు చేయజాలదని దాని భావము. న్యాయాధిపతి మాటలో సత్యము లేకపోలేదు. చట్టమే మారవలెను. 2021లోను 2023లోను అట్టి బిల్లులు అమెరికా కాంగ్రెసులో పెట్టబడినవి. దంపతులను విడదీయుటవలన కలుగు బాధను తూచి చూచుటకు అధికారులకును న్యాయాధిపతులకును స్వేచ్ఛ నియ్యవలెనని వాటి కోరిక. అవి చట్టములు కాలేదు.

ఇచ్చట మీలో కొందరు నన్ను ఆపి, పై అధికారులకు లోబడవలెనని అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాయలేదా, తప్పు చేసినవానికి శిక్ష తగదా యని అడుగుదురు. తగును. రాజ్యమునకు సరిహద్దు ఉండకూడదని నేను చెప్పుటలేదు. ఏండ్ల తరబడి వరుసలో నిలిచినవారి యెదుట వరుస తప్పినవానిని ఊరకనే విడుచుట అన్యాయమని కూడ ఒప్పుకొందును. దొంగ పెండ్లిండ్లు చేయించి డబ్బు గడించు దళారులును కలరు. వారిమీద నాకు జాలి లేదు. అయితే అమెరికాలో 1986 నాటి చట్టమే అట్టి మోసమునకు 5 సంవత్సరములవరకు చెరసాలయు, రెండున్నర లక్షల డాలర్లవరకు జరిమానాయు నియమించియున్నది. కొత్తగా పెండ్లియైనవారిని రెండేండ్లు పరీక్షలో నుంచు పద్ధతియు అప్పుడే వచ్చెను. కపట వివాహమును శిక్షించుటకు ఆయుధ మున్నప్పుడు, నిజమైన వివాహమును ఏల కొట్టవలెను? జరిమానా వేయనిండు. పరీక్షాకాలము పెట్టనిండు. పౌరసత్వము ఆలస్యము చేయనిండు. ఇవన్నియు తప్పు చేసినవానిమీద పడును. ఎడబాటో, తప్పు చేయని భార్యమీదను బిడ్డలమీదను పడుచున్నది.

ఎజ్రా అన్యస్త్రీలను పంపివేయించలేదా యని మరియొకరు అడుగవచ్చును. ఆ అధ్యాయము నాకును కష్టమైనదే. అది విగ్రహారాధననుగూర్చిన భయమువలన కలిగినది గాని నివాసపు కాగితములవలన కలిగినది కాదని మాత్రము చెప్పగలను. మోయాబీయురాలైన రూతు మన ప్రభువు వంశావళిలో ఉన్నదను సంగతిని దాని ప్రక్కనే పెట్టి చదువుడి.

లేఖనములలో రాజ్యపు హక్కు దాంపత్యము నెదుట వెనుకకు తగ్గిన స్థలములు కలవు. క్రొత్తగా పెండ్లియైనవానిని ఒక యేడు యుద్ధమునకు పిలువరాదని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో నియమ మున్నది. దేశమునకు సైనికులు ఎంత అవసరమైనను, ఆ యింటి సంతోషము ముందు సైన్యము కనిపెట్టుకొని యుండవలెను. పౌలు కొరింథీయులకు వ్రాయుచు, దంపతుల యెడబాటు ప్రార్థన నిమిత్తమైనను ఇద్దరి సమ్మతిమీదను స్వల్పకాలమునకును మాత్రమే యుండవలెనని హెచ్చరించెను. పదియేండ్లు స్వల్పకాలము కాదు. ఇచ్చట సమ్మతి అడిగినవారును లేరు. అదే పౌలు పారిపోయిన ఒనేసిమును తిరిగి ఫిలేమోను నొద్దకు పంపెను. వెళ్లవద్దని చెప్పలేదు. కాని చేతికి పత్రిక యిచ్చి, వాని అప్పును తన లెక్కలో వేసికొని పంపెను. సరిచేసికొన వచ్చినవాని యెదుట తలుపు తెరచియుండునట్లు చూచెను.

ఇట్టి కష్టము మన తెలుగువారిమీదికే ఒకప్పుడు వచ్చెను. 1860 మొదలు 1911 వరకు వేలకొలది తెలుగువారు కూలి ఒప్పందముమీద దక్షిణాఫ్రికాలోని నేటాలునకు ఓడలలో పోయిరి. వారికి సువార్త చెప్పుటకు 1903లో తెలుగు బాప్టిస్టులు తమ స్వంత మిషనరీగా జాన్ రంగయ్యగారిని పంపిన సంగతి మన పెద్దలు సంతోషముతో చెప్పుకొందురు. 1913 మార్చిలో అచ్చటి న్యాయాధిపతి సెర్ల్ ఒక తీర్పు చెప్పెను. ఇండియానుండి వచ్చిన ఒక మహమ్మదీయుని భార్యను దేశములోనికి రానియ్యని వ్యాజ్యమది. బహుభార్యాత్వమును అనుమతించు మతాచారము చొప్పున జరిగిన వివాహము అచ్చటి చట్టము నెదుట చెల్లదని ఆయన నిర్ణయించెను. దానితో హిందూ మహమ్మదీయ భార్యలందరి స్థితియు సందేహములో పడెను. కస్తూరిబాయి మొదలగు స్త్రీలు చెరసాలకు పోయిరి. 1914లో పార్లమెంటువారు చట్టము చేసి, ఒక్క భార్య మాత్రమే గలవారి వివాహమును అంగీకరించిరి.

క్రైస్తవ వివాహములకు ఆ తీర్పువలన భంగము లేకుండెను. మా పెండ్లిండ్లు చెల్లినవి గదా యని క్రైస్తవుడు నెమ్మదిగా కూర్చుండుటకు అవకాశముండెను. కాని సి. ఎఫ్. ఆండ్రూస్ అను దైవసేవకుడు 1914 జనవరిలో ఓడ దిగి గాంధీగారి ప్రక్కన నిలువబడెను. తన సంఘస్థుల పెండ్లిండ్లకు కీడు రాకున్నను ఆయన వచ్చెను.

నేడు మన ఊళ్ల సంగతి చూతము. గోదావరి జిల్లాల స్త్రీలు కువైటు ఇండ్లలో పని చేయుచున్నారు. కరీంనగరు, నిజామాబాదు జిల్లాల పురుషులు గల్ఫు దేశములలో కూలి చేయుచున్నారు. కుటుంబమును రప్పించుకొనుటకు అచ్చట ఇంత జీతముండవలెనను నియమ మున్నది. వీరి జీతము దానికి చాలదు. ఇంగ్లాండులోను అట్టిదే: భార్యను లేక భర్తను రప్పించుటకు 2012లో ఏటికి 18,600 పౌనుల రాబడి కావలెనని పెట్టిరి, 2024 ఏప్రిలులో దానిని 29,000 చేసిరి. పేదవానికి దాంపత్యము విలాసవస్తువా? అమెరికాలో మరియొక వింత. తాత్కాలికపు పనిమీద పోయినవాడు భార్యను వెంట తీసికొనిపోవచ్చును. శాశ్వత నివాసపు గ్రీన్ కార్డు పొందిన తరువాత ఇచ్చటికి వచ్చి పెండ్లాడినవాని భార్య మాత్రము సంఖ్యా నియమముచేత ఏండ్ల తరబడి పుట్టింట కనిపెట్టవలసివచ్చును.

కాపరులతో ఒక మాట. ఇట్టి అర్జీలకు దంపతులను ఎరిగిన సంఘకాపరి వ్రాసిన ఉత్తరము సాక్ష్యముగా జతచేయబడుచున్నది. అడిగినవారికి ఆలస్యము చేయక, ఎరిగినంతమట్టుకే, నిజముగా వ్రాసి యిండి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము చొప్పున వివాహపు రిజిస్టరులో వధూవరులును, ఇద్దరు సాక్షులును, వివాహము జరిపించినవారును సంతకములు చేయవలెను. విందు తొందరలో దీనిని మరునాటికి వాయిదా వేయకుడి. పేర్లు, తండ్రుల పేర్లు, తేదీ తప్పులేకుండ వ్రాయుడి. రిజిస్టరును చెదలు పట్టని పెట్టెలో నుంచుడి. ఇరువదియేండ్ల తరువాత ఏదో సముద్రపు ఆవలి కచేరీలో ఒక గుమాస్తా యెదుట నిలువబడిన స్త్రీకి ఆ కాగితము కావలసివచ్చును.