పొగాకు మొక్క కబురు

పోర్ట్ బ్లెయిర్ లంబాలైన్‌లో ఓ ఇంటి మీదుగానే విమానాలు వాలుతుంటాయి. ఊరి పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది గానీ, గోదారి లంక నుంచి వచ్చిన ఆ ఇంటి అమ్మమ్మ యాస మారలేదు. మనవడు నాలుగు రోజులుగా అన్నం కెలికి లేచిపోతున్నాడు. ఏమైందిరా అంటే "ఏం లేదు, బానే ఉన్నాను" అంటాడు. ఆ సాయంత్రం వాన వెలిశాక ఆవిడ వాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టుకుని కథ ఎత్తుకుంది.

"మా నాన్న పొగాకు నారుమడి చుట్టూ ఆముదం వేసేవాడు, లద్దెపురుగు అటు పోతుందని. ఆ మడిలో మొక్కలు రెండు ఒకే సాలులో పక్కపక్కన నాటుకున్నాయనుకో. ఓ రాత్రి రెంటికీ పురుగు పట్టింది. మొదటి మొక్క వెంటనే గాలికి ఓ వాసన వదిలింది. 'చచ్చాను బాబో' అని ఊరుకోలేదు, కొరుకుతున్నది ఫలానా పురుగు అని ఆనవాలు చెప్పింది. ఆ పురుగు కోసమే తిరిగే కందిరీగ వాసన పట్టుకుని వచ్చి, పురుగు ఒంట్లో గుడ్డు పెట్టి పోయింది. లోపల పిల్ల పెరిగింది, పురుగు పని అయిపోయింది.

రెండో మొక్కకి పౌరుషం. నలుగురికీ తెలిస్తే పరువేం కాను అని వాసన బిగబట్టింది. కందిరీగ దాని మీదుగానే పోయింది, ఆగలేదు. పాపం, దానికేం తెలుసు? తెల్లారేసరికి పక్క చేలో పురుగులు కూడా వచ్చి చేరాయి. మూడో నాటికి ఈనెలు మిగిలాయి."

నీతి: కష్టంలో ఉన్నవాడు నోరు విప్పాలి, విప్పి ఆ కష్టం పేరు చెప్పాలి.

పొగాకు మొక్క నిజంగానే ఇలా కబురు పంపుతుంది. 1998లో కాన్సుయెలో డి మొరాయెస్, జేమ్స్ టమ్లిన్సన్ బృందం ఈ సంగతి నేచర్ పత్రికలో రాసింది. రెండు దగ్గరి జాతుల పురుగులు కొరికితే పొగాకు రెండు రకాల వాసనలు ఇచ్చింది. వాటిలో ఒక పురుగులోనే పిల్లల్ని పెంచుకోగల కందిరీగ, ఆ పురుగు కొరికిన మొక్కనే వెతుక్కుంది. పురుగుల్ని, కొరికిన ఆకుల్ని తీసేసినా పొరబడలేదు. అమెరికాలోని యూటాలో పెరిగే అడవి పొగాకు మరో జాతి. అది పిలిస్తే పురుగు గుడ్లు తినే చిన్న నల్లిజాతి కీటకం వస్తుంది. ఈ వాసనల వల్ల పురుగులు 90 శాతానికి పైగా తగ్గగలవని 2001లో ఆండ్రె కెస్లర్, ఇయన్ బాల్డ్విన్ అంచనా వేశారు. మూడేళ్లకు, లోపలి రక్షణ సంకేతాలు మూగబోయేలా చేసిన మొక్కల్ని పొలంలో నాటి చూస్తే, మామూలుగా ఆ మొక్క జోలికి రాని పురుగులు కూడా వచ్చి పడ్డాయి. అమ్మమ్మ రెండో మొక్క గతే వాటికీ పట్టింది.

సముద్రం దాటి వచ్చిన మనవాళ్లం ఇంటికి ఫోను చేసి "అంతా బాగానే ఉంది" అని పెట్టేస్తాం. అవతలివాళ్లు బెంగపడతారని. ఆ మాటలో ప్రేమ ఉంది, ఆనవాలు లేదు. ఏ పురుగో చెప్పనిదే ఏ కందిరీగ రాగలదు?

మనవడు చాలాసేపు వాకిట్లో నీటి గుంట వైపే చూశాడు.

"లెక్కల్లో పోయింది అమ్మమ్మా. మళ్లీ రాయడానికి శుక్రవారంలోగా ఫీజు కట్టాలి. నాన్నకి చెప్పలేదు."

ఆవిడ లోపలికెళ్లి ఫోను తెచ్చి వాడి చేతిలో పెట్టింది. తర్వాత పెట్టె తాళం కోసం కొంగు ముడి విప్పుకుంది.