ఆహారశుద్ధి

మాంసము ముట్టని ఇల్లు గనుక తమ ఆహారము శుద్ధమేనని కొందరు నిశ్చింతగా నుందురు. శాకాహారము శ్రేష్ఠమే, అందు నాకు సందేహము లేదు. అయితే శుద్ధి విషయమున శాస్త్రము అడుగు ప్రశ్నలు అంతతో ఆగవు.

తిన్న అన్నములోని స్థూలభాగము మలముగను, మధ్యమభాగము మాంసముగను, సూక్ష్మభాగము మనస్సుగను పరిణమించునని ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయమున ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువునకు బోధించెను. ఆ కుమారుడు 12 ఏండ్లు గురుకులమున వేదములన్నియు చదివి వచ్చినవాడు. తండ్రి వాదమునకు దిగక, 15 దినములు అన్నము మాని నీరు మాత్రము త్రాగుమనెను. పదునారవ నాడు ఋక్కులు, యజుస్సులు, సామములు చెప్పుమనగా ఒక్కటియు స్ఫురింపలేదు. భోజనము చేసి వచ్చిన పిదప అడిగినదెల్ల అప్పగించెను. ఉపవాసము నాడు పనస తప్పిన పాఠశాల విద్యార్థి ఎవడును ఈ కథను శంకింపడు.

అన్నమే మనస్సగునప్పుడు అది ఎట్లు వచ్చినదని చూడవలెను గదా! వధకు అనుమతించినవాడు మొదలు వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు వరకు అందరును ఘాతకులేయని మనువు ఐదవ అధ్యాయమున చెప్పెను. యజ్ఞవిషయమున అక్కడనే అనుమతియు కలదు. ఆ చర్చ వేరు.

గీత 17వ అధ్యాయమున ఆహారవిభాగము చేయు మూడు శ్లోకములలో మాంసమను పేరే లేదు. ఆయువు, బలము, ఆరోగ్యము పెంచునది సాత్త్వికము. అతిగా కారము, పులుపు, ఉప్పు, వేడి గలది రాజసము. దుఃఖమును, రోగమును దాని ఫలములు. జాము గడచినది, వాసన పట్టినది, ఎంగిలి తామసము. నాటి కారము మిరియాలది. మిరపకాయ పోర్చుగీసువారి రాక తరువాతనే మనకు దక్కినది. మన ఆవకాయ జాడీ ఏ పంక్తిలో చేరునో పాఠకులే చెప్పుకొందురు గాక.

ఆహారశుద్ధివలన సత్త్వశుద్ధియని ఛాందోగ్యము ఏడవ అధ్యాయమున చెప్పినది. పదార్థము యొక్క జాతి, అది ఎవరినుండి వచ్చినది, మధ్యలో ఏమి తగిలినది అను మూడు దోషములు లేని అన్నమును గూర్చి శ్రీభాష్యము చెప్పుచున్నది. శంకరులు మాత్రము ఇంద్రియములు గ్రహించు శబ్దాదులన్నియు ఆహారమేయని, రాగద్వేషములు లేకుండ వానిని గ్రహించుటయే శుద్ధియని వ్యాఖ్యానించిరి. నేయి వడ్డించిన పప్పన్నము తినుచు పొరుగింటి మాంసాహారిని దూషించు పంక్తిలో మొదటి లెక్కకు లోపము కనిపింపకపోవచ్చును. రెండవ లెక్క మాటయేమి?

భారతము వనపర్వమున, కోపపు చూపుతో కొంగను కూల్చిన తపస్వి కౌశికుడు ధర్మము తెలిసికొనుటకు మిథిలలోని మాంసపు అంగడికి పోవలసి వచ్చెను. అక్కడ బోధించిన ధర్మవ్యాధుడు మాంసము అమ్మెనేగాని తినలేదు.