చెట్టు నీడ దానమా? హక్కా?

పేద బస్తీ పిల్లవాణ్ణి ఏడాదికొకసారి బస్సెక్కించి అడవి చూపించి తీసుకొస్తే, మనం వాడికి ఉపకారం చేసినట్లా? లేక వాడికి చెందవలసిన దాన్ని ఆలస్యంగా అప్పగించినట్లా? పైకి ఇది చిన్న ప్రశ్నే. కాని పేద పిల్లల కోసం ప్రకృతి యాత్రలు, పక్షుల పరిశీలన, కొండలెక్కే శిక్షణ వంటి కార్యక్రమాలు తలపెట్టేవారు ముందుగా తేల్చుకోవలసింది ఇదే. జవాబును బట్టి కార్యక్రమం స్వరూపమే మారిపోతుంది.

ఎహ్సాన్, హఖ్ అనే రెండు మాటలు మన ఇళ్ళలో అందరికీ తెలిసినవే. ఎహ్సాన్ చేసేవాడు తన వీలు చూసుకుంటాడు. తోచినంత ఇస్తాడు. ఇవ్వకపోయినా అడిగేవాడు లేడు. హఖ్ అలా కాదు. అది హక్కుదారునికి చేరేదాకా మన మెడ మీద బాకీగానే ఉంటుంది. మరి గాలి, నీరు, చెట్టు నీడ ఈ రెంటిలో ఏ కోవలోకి వస్తాయి? వీటిని ఏ ధనికుడూ సృష్టించలేదు. తాను సృష్టించని దాన్ని, అందరి కోసం ఉన్నదాన్ని ఒకడు మరొకడికి దానం చేయడమేమిటి? అడ్డుగా ఉన్నవాడు పక్కకు తప్పుకోవడం దానం అనిపించుకోదు కదా!

"కడుపు నిండనివాడికి పిట్టల పేర్లెందుకు? ముందు అన్నం, చదువు చూడండి" అని కొందరు పెద్దలు అంటారు. ఈ మాటను మేము తేలిగ్గా తీసిపారేయడం లేదు. అన్నమే ముందు. అయితే ప్రకృతి కడుపు నిండాక తీర్చుకునే సరదా మాత్రమేనా? 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలోని ఒక ఆసుపత్రి రికార్డులు పరిశీలించాడు. ఒకే రకమైన ఆపరేషన్ జరిగిన రోగుల్లో కిటికీలోంచి చెట్లు కనిపించినవారు, ఇటుక గోడ మాత్రమే కనిపించినవారికంటే త్వరగా ఇంటికి వెళ్ళారు. వారికి బలమైన నొప్పి మందులు కూడా తక్కువే అవసరమయ్యాయి. రోగికి మేలు చేసే పచ్చదనం, ఒకే గదిలో ఆరుగురు సర్దుకుని బ్రతికే ఇంటి పిల్లలకు అక్కరలేనిదని ఎలా అనగలం?

ఇంకో కోణం చూడండి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కుండపోత వాన కురిసింది. గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబా నగర్ ప్రాంతంలో ఇళ్ళు నీట మునిగాయి. చెరువే పేదవాడి ఇంట్లోకి నడిచి వచ్చింది! ఆ ఇళ్ళ పిల్లల్లో ఎందరిని మనం అంతకుముందు ఏ చెరువు గట్టుకైనా తీసుకువెళ్ళాం? వాన నీరు ఎటు పారుతుంది, నాలా ఇరుకైతే ఏమవుతుంది, కట్ట ఎందుకు తెగుతుంది అన్నది వారికి ఎవరు చెప్పారు? ప్రకృతి కోపం మొదట తగిలేది పేదవాడికే, దాని చల్లదనం చివరగా అందేదీ పేదవాడికే. ఇది న్యాయమేనా?

పేద పిల్లలకు శక్తి లేదనుకోవడం కూడా పొరపాటే. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆమె తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆనంద్ తండ్రి సైకిల్ మెకానిక్. వారి శిక్షణ మన భువనగిరి కొండ మీదే మొదలైంది. అంటే ఇన్నాళ్ళూ లేనిది సామర్థ్యం కాదు, తెరిచిన తలుపు!

అయితే ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. శిఖరానికి పంపాలంటే దృఢమైన ఇద్దరిని ఎంచుకోక తప్పదు. అది పోటీ నియమం. కాని హక్కు పంపిణీలో ఎంపిక ఉండదు. నీళ్ళు పంచేటప్పుడు బాగా పరుగెత్తేవాడికే ఇస్తామంటామా? శిఖరం మీద మొదట ఎవరు నిలిచారన్నది గర్వకారణమే. కాని కార్యక్రమం మంచిచెడ్డలు తేలేది గుమ్మం దగ్గరే ఎవరు ఆగిపోయారన్న దానితో.

కనుక బస్సు బయలుదేరే ముందు ఎక్కినవారిని కాదు, ఎక్కనివారిని లెక్కపెట్టాలి. ఆడపిల్ల రాలేదా? వెంట మహిళా టీచరు ఉన్నారా, చీకటి పడకముందే తిరిగి వస్తారా, మరుగుదొడ్డి సౌకర్యం ఉందా అని తల్లి అడిగి ఉంటుంది. అది వెనుకబాటుతనం కాదు, జవాబు చెప్పవలసిన ప్రశ్న. మెకానిక్ షెడ్డులో పనిచేసే కుర్రవాడు రాలేదా? ఒక రోజు కూలి పోతుందేమో. కాలు సరిగా లేని పిల్లవాడు రాలేదా? వాడు నడవగల దారి వెతకనే లేదేమో. మదర్సా పిల్లలు రాలేదా? వారి సెలవు శుక్రవారం, మన కార్యక్రమమేమో ఆదివారం! ఎవరూ 'మీరు రావద్దు' అనలేదు. అయినా వారంతా బయటే ఉండిపోయారు.

ఇందుకు లక్షలు అక్కరలేదు. దూరపు అడవికి ఏడాదికొక్క ప్రయాణం కంటే దగ్గరి చెరువుకు నెలనెలా నడక మేలు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు సుమారు 150 మంది దాని కొమ్మలు పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టు కింద కూర్చోబెట్టి పిల్లలకు నది కథ చెప్పవచ్చు. ఆ వరద తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఎందుకు కట్టారో వివరించవచ్చు. మీర్ ఆలం చెరువు కట్టలోని 21 కమాన్లు చూపించి, గోడ నిటారుగా కాక వంపులు తిరిగి ఎందుకుందో అడగవచ్చు. నీటి ఒత్తిడిని ఆ వంపులు పక్కలకు పంచుతాయన్న సంగతి పిల్లలు తామే కనిపెడితే వారి కళ్ళలో వెలుగు చూడండి!

మరొక మాట. ఈ పిల్లలు ఖాళీ కుండలు కారు. మేకలు కాసేవారి బిడ్డకు ఏ ఆకు మేక ముట్టదో తెలుసు. జాలరి కొడుకు గాలిని బట్టి వాన చెబుతాడు. కాబట్టి నేర్పే ముందు వారిని అడగాలి, ఎక్కడికి వెళ్ళాలో వారితో, వారి అమ్మానాన్నలతో కలిసి నిర్ణయించాలి. బ్యానరు ముందు నిలబెట్టి, చేతికి బిస్కెట్ పొట్లం ఇచ్చి ఫోటో తీయడం మానాలి. బాకీ తీర్చేవాడు అప్పిచ్చినవాణ్ణి ఫోటోకు నిలబెడతాడా?

2016లో తెలంగాణలో 71 పాఠశాలలతో మైనారిటీ గురుకులాలు మొదలయ్యాయి. మన మదర్సాలు అంతకు ఎంతో ముందు నుంచీ ఉన్నాయి. వాటిలో చదివేవారిలో అధికులు పేదింటి పిల్లలే. ఆయా సంస్థల పెద్దలు, మస్జిదు కమిటీలు, స్తోమత గల కుటుంబాలు కలిస్తే మన వీధి నుంచే ఈ పని మొదలుపెట్టవచ్చు. ముస్లిం పిల్లలతో పాటు పక్క బస్తీ దళిత, గిరిజన పిల్లల్నీ పిలవాలి. చెట్టు నీడ మతం, కులం అడగదు. అడిగే అలవాటు మనిషిదే.

పాఠకులారా! ఈ నెలలో మీ పిల్లల్ని ఏ పార్కుకో, చెరువుకో తీసుకువెళ్ళేటప్పుడు మీ ఇంట్లో పనిచేసే ఆమె పిల్లల్ని కూడా వెంట తీసుకువెళ్ళండి. వారిని వెనుక సీటులో మూటల పక్కన కాదు, మీ పిల్లల పక్కన కూర్చోబెట్టండి. తిరిగి వచ్చాక దానం చేశామని చెప్పుకోకండి. ఒక బాకీలో కొంత తీరిందనుకోండి. మిగిలినది తీర్చే సద్బుద్ధిని, శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక!