పచ్చదారం

ఒక ఊరి కరణం ఏ రోజు సంగతులు ఆ రోజు ముందు తాటాకుల మీద వరుసగా రాసి, తర్వాత పెద్ద ఆవర్జాలో ఎక్కించేవాడు. చుట్టుపక్కల ఊళ్ల లేఖకులు వచ్చి ఆ ఆకుల్లోంచి తమకు కావలసినవి ఎత్తి రాసుకునేవారు. ఎవడు ఏ ఆకు దాకా రాసుకుంటే ఆ ఆకుకు తన రంగు దారం కట్టి పోయేవాడు. అందరి దారాలూ దాటిన ఆకులనే కరణం పొయ్యిలో వేసేవాడు. మంచి ఏర్పాటు అది. ఎవడు ఎంత ఆలస్యంగా వచ్చినా వాడికి ఒక్క సంగతీ తప్పిపోయేది కాదు.

కొన్నాళ్లకు పచ్చదారం వాడి ఊరు వేరే కరణాన్ని చూసుకుంది. వాడు రావడం మానేశాడు. దారం మాత్రం విప్పలేదు. మిగతావాళ్లు వస్తూ పోతూనే ఉండడంతో ఎవరికీ ఏ లోటూ కనపడలేదు. పచ్చదారం తర్వాతి ఆకు ఒక్కటీ తీసే వీల్లేక పెట్టె నిండింది, అటక నిండింది, నడవా నిండింది. చివరికి ఒక ఉదయం కొత్త ఆకు పెట్టడానికి చోటు లేక కరణం ఘంటం కింద పెట్టేశాడు. ఊళ్లో అమ్మకాలూ కొనుగోళ్లూ ఆగిపోయాయి. పచ్చదారం సంగతే ఎరగని రైతులు గుమ్మం ముందు నిలబడిపోయారు.

కోపం కొద్దీ కరణం కనపడ్డ దారాలన్నీ తెంచి ఆకులు కాల్చేశాడు. మర్నాడు ఎర్రదారం వాడు వచ్చాడు. జ్వరంతో నాలుగు రోజులు రాలేకపోయాడంతే. పాపం, ఆవర్జా అంతా మొదటి నుంచి మళ్లీ ఎత్తి రాసుకోవలసి వచ్చింది.

అప్పటి నుంచి కరణం రోజూ దారాలు చూసుకునేవాడు. కదలని దారం ఉంటే ఆ ఊరికి మనిషిని పంపి కనుక్కునేవాడు. ఇక రానన్నవాడి దారమే విప్పేవాడు. అటక నిండితే ఎవరి దారమూ చెల్లదని ముందే అందరికీ చెప్పి ఉంచాడు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో లాజికల్ రెప్లికేషన్‌కు వాడే స్లాట్ ఈ దారమే: అవతలి సర్వర్ పోయినా స్లాట్ మిగిలిపోతే ఆ తాటాకుల్లాంటి వాల్ ఫైళ్లు పేరుకుని, డిస్క్ నిండి, అసలు సర్వరే ఆగిపోతుంది. పీజీ_రెప్లికేషన్_స్లాట్స్‌లో యాక్టివ్ కాని స్లాట్ కనపడితే అది ఎవరిదో కనుక్కున్నాకే తీసేయాలి, ఎందుకంటే బతికున్న సబ్‌స్క్రైబర్ (అవతలి సర్వర్) స్లాట్ పోతే దాని టేబుళ్లను మళ్లీ మొదటి నుంచి కాపీ చేసుకోవాల్సి వస్తుంది. 2020లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ సెట్టింగ్‌తో ఇలా పేరుకునే వాల్‌కు హద్దు పెట్టే వీలుంది గానీ, దాని డిఫాల్ట్ విలువ -1, అంటే హద్దు లేనట్టే, కాబట్టి మన డిస్క్‌కు తగ్గ అంకెను మనమే వేసుకోవాలి.