తలుపు అవతల ఎవరున్నారు?

మూలవాక్యము: 2 రాజులు 6:24 – 7:20



కొన్నాళ్ల క్రితం ఒక రాత్రి నా మనవడు ఒక సినిమా పెట్టి, "తాతా, నువ్వు కూడా చూడు, భయపడొద్దు" అన్నాడు. సంఘపెద్దకు ఇటువంటి సినిమాలేమిటని మీలో కొందరు నొసలు చిట్లించవచ్చు. అయితే తెలిసినదాని నుండి తెలియనిదానికి నడిపించాలని ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పారు. మన ప్రభువు కూడా విత్తనమును, వలను, పులిసిన పిండిని చూపించి పరలోకరాజ్యమును బోధించెను. కనుక ఆ సినిమాతోనే మొదలుపెట్టనివ్వండి.

దాని పేరు 'ది మిస్ట్', అంటే పొగమంచు. స్టీఫెన్ కింగ్ 1980లో ప్రచురించిన కథను ఫ్రాంక్ డారాబాంట్ అనే దర్శకుడు 2007లో సినిమాగా తీశాడు. అమెరికాలో ఒక చిన్న ఊరు. గాలివాన వెలిసిన మరునాడు జనం సరుకుల కోసం ఒక పెద్ద దుకాణానికి వస్తారు. అంతలో దట్టమైన మంచు ఊరిని కమ్ముతుంది. ఆ మంచులో కంటికి కనబడని మృగములేవో ఉన్నాయి. అందరూ తలుపులు మూసుకొని లోపలే చిక్కుబడిపోతారు. ఇంటి దగ్గర చిన్న పిల్లలున్నారని ఒక తల్లి తోడు రమ్మని అందరినీ బతిమాలుతుంది. ఒక్కరూ కదలరు. ఆమె ఒంటరిగా మంచులోకి వెళ్లిపోతుంది.

లోపల మిగిలినవారి సంగతి వినండి. ఇది దేవుని ఉగ్రత, రక్తం చిందిస్తేనే శాంతిస్తాడు అని ఒక స్త్రీ బోధించడం మొదలుపెడుతుంది. మొదట నవ్వినవాళ్లే తరువాత ఆమె వెనుక చేరతారు. చివరికి ఒక పడుచు సిపాయిని కత్తితో పొడిచి బయటకు తోసేస్తారు. మృగాలు బయట ఉన్నాయనుకుంటే, మనుషులే మృగములైరి! దేవుని నామమును పెదవులమీద పెట్టుకొని ఆ పని చేయడం చూసి నాకు ఒళ్లు జలదరించింది.

ప్రియులారా, ఈ కథ మన గ్రంథములో ఎన్నడో రాయబడి ఉన్నది. సిరియా రాజైన బెన్హదదు షోమ్రోనును ముట్టడించెను. గుమ్మములు మూయబడెను. కరువు ఎంత ఘోరమైనదంటే గాడిద తలకాయ ఎనభై తులముల వెండికి అమ్ముడుపోయింది. ఒక తల్లి తన కుమారుని వండుకొని తిన్నానని ప్రాకారము మీద వెళ్తున్న రాజుతోనే మొరపెట్టుకొన్నది. అప్పుడు రాజు ఏమి చేశాడో గమనించండి. శత్రువు మీదికి పోలేదు. ఎలీషా తల తీయించెదనని ఒట్టు పెట్టుకున్నాడు. భయం చేసే మొదటి పని ఇదే. అది చేతికి అందిన మనిషి మీద నేరం మోపుతుంది.

మన గల్లీలకు కూడా ఇది కొత్త కాదు. నిజాం రాజ్యం నుండి కూలి వెతుక్కుంటూ వచ్చి, రాళ్లు మోసి ఈ నగరాన్ని కట్టిన కామాటీల పేరు మీదనే మన పేట వెలసింది. 1896 సెప్టెంబరులో ఈ బొంబాయిలో మాండ్వీ దగ్గర ప్లేగు బయటపడింది. అధికారులు ఇల్లిల్లూ సోదా చేసి రోగులను తీసుకొనిపోతుంటే, జనం రోగముకంటె ఆసుపత్రికి ఎక్కువ భయపడి రోగులను దాచిపెట్టారు. లక్షలమంది నగరం విడిచి పారిపోయారు. ఎలుకల ఒంటిమీద బతికే చిన్న పురుగు ఆ రోగాన్ని మోస్తున్నదని 1898లో గాని సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు కనుగొనలేదు. అంతవరకు కంటికి కనబడని మృగమే.

ఆ రోజుల్లోనే, మనకు పక్కనున్న బైకుల్లాలోని గ్రాంట్ మెడికల్ కాలేజీలో, హాఫ్‌కిన్ అనే యూదు శాస్త్రవేత్త ప్లేగుకు టీకా తయారుచేశాడు. 1897 జనవరి 10న దానిని ముందుగా తన ఒంటికే వేయించుకున్నాడు. అందరూ నేరం మోపడానికి మనిషిని వెతుకుతుంటే, ఆయన అపాయాన్ని తన దేహం మీదికి తెచ్చుకున్నాడు. మన పాపములను తన దేహమందు భరించిన ప్రభువును ఎరిగిన మనకు ఇది వేరే వివరించనక్కరలేదు.

ఇప్పుడు నా సాక్ష్యము చెప్పాలి. ఇది గొప్పగా చెప్పుకొనే సాక్ష్యము కాదు.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. పది అడుగుల ఖోలీలో ఆరుగురము. అంతస్తుకంతా కలిపి ఒకే నల్లా, ఒకే పాయఖానా. మా వరండా చివర ఉన్న ఒక సోదరుడు కరోనా తగిలి ఆసుపత్రికి పోయి, నయమై తిరిగివచ్చాడు. నల్లా ముట్టవద్దు, పాయఖానాకు రావద్దు అని చాల్‌వాళ్లు అతనికి ఆంక్ష పెట్టారు. "మాస్టారూ, మీరేమంటారు?" అని నన్ను అడిగారు. నయమైనవాడిని అలా వెలివేయడం తప్పని నాకు తెలుసు. కాని నేను నోరు విప్పలేదు. లోపలికి వచ్చి గడియ పెట్టి, 91వ కీర్తన చదువుకున్నాను. నలభై ఏళ్లుగా నాకు ఆదరణ ఇచ్చిన ఆ కీర్తన ఆ రోజు నా గొంతు దిగలేదు.

మరునాడు తెల్లవారుజామున తలుపు చప్పుడైంది. మనం ముఖం పక్కకు తిప్పుకొని దాటిపోయే గల్లీ నుండి ఒక స్త్రీ వచ్చింది. రెండు బిందెల నీళ్లు అతని గుమ్మం ముందు పెట్టి, నా తలుపు కొట్టింది. "సారూ, ఆ అన్నకు నీళ్లు పెట్టిన. మీకు గిట్ల బియ్యం ఉన్నయా?" అని అడిగింది. పనిలేక తానే పస్తులున్న మనిషి నన్ను అడుగుతున్నది! నాకు జవాబు రాలేదు. ఆ రోజు నుండి అతని నీళ్లు నేనే మోశాను. కాని మొదటి బిందె నాది కాదు.

ప్రియులారా, షోమ్రోనుకు సువార్త తెచ్చినది ఎవరు? గుమ్మము బయట వెలివేయబడిన నలుగురు కుష్ఠరోగులు. సందెచీకటిలో వారు లేచి శత్రువుల దండుకు పోయి చూస్తే అక్కడ ఒక్క మనిషీ లేడు. ప్రభువు వినిపించిన రథముల చప్పుడుకు సైన్యమంతా పారిపోయెను. లోపలివారు ఖాళీ గుడారములకు భయపడుతూ కూర్చున్నారు. ఆ నలుగురూ కడుపారా తిన్న తరువాత, ఈ మంచి వార్త మనలోనే దాచుకొంటే దోషులమవుతామని తలచి, తమను బయట ఉంచిన గుమ్మము దగ్గరకే వెళ్లి కేక వేశారు.

ఆ సినిమా చివర కూడా చెబుతాను. దుకాణం నుండి తప్పించుకొన్న ఐదుగురి కారులో పెట్రోలు అయిపోతుంది. ఇక ఆశ లేదని, తుపాకిలో మిగిలిన నాలుగు గుండ్లతో ఒక తండ్రి తన చిన్న కొడుకుతో సహా నలుగురిని చంపుతాడు. కొద్ది నిమిషాలకే మంచు విడిపోతుంది, సైన్యం వస్తుంది. ఆ సైనికుల లారీలో, మొదట ఒంటరిగా వెళ్లిన ఆ తల్లి తన పిల్లలతో కూర్చొని ఉంటుంది! తీసినవారు ప్రసంగము కోసం తీయలేదు. బయటకు వెళ్లినవారందరూ బ్రతకలేదు కూడా. అయినా నిరాశ తెల్లవారకముందే తీర్పు రాస్తుందని, ప్రేమ తలుపు తీస్తుందని నాకు అర్థమైంది.

ఆ సోదరుడు 2020లోనే పాలమూరు జిల్లాలోని తన ఊరికి వెళ్లిపోయాడు, తిరిగి రాలేదు. ఈ సినిమా చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఫోను చేసి క్షమించమని అడిగాను. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "నల్లా ఇంకా నాలుగింటికే వస్తున్నదా, సారూ?" అని అడిగాడు. నన్ను క్షమించాడని నేను చెప్పుకోను. ఆ మాట అతనిది, నాది కాదు.

మన పిల్లలు చాళ్లు విడిచి ఫ్లాట్లకు మారుతున్నారు. సంతోషమే, దేవునికి స్తోత్రము. కాని చాల్‌లో తలుపుకు ఒక గడియ, ఫ్లాటులో మూడు. ఈ వారము మీ అంతస్తులో ఎవరి తలుపు చాలా రోజులుగా తెరుచుకోలేదో చూడండి. వెళ్లి కొట్టండి. నావలె రెండవవారు కాక, మొదటివారు కండి.

ప్రభువు మన కన్నులు తెరచి, మన చేతులతో గడియ తీయించును గాక. ఆమేన్.